రోడ్డు కంటే ముందొచ్చిన బండి

కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో తేనెగరువులో జేసీబీ చప్పుడు మొదటిసారి వినిపించింది. కొండ అవతల ఎవరో రాళ్లు కొరుకుతున్నట్టు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. తోటలో పళ్లు కోస్తున్నవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. గాసి మాత్రం కొమ్మ వంచిన చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు. పక్క చెట్టు దగ్గరున్న అతని భార్య రత్నాలు తిరిగి చూసేసరికి, నడుముకు కట్టుకున్న బుట్ట విప్పి చెట్టు మొదట్లో పెట్టేసి వాలు దిగిపోతున్నాడు.

"ఏటయ్యా, ఎక్కడికెల్తన్నావు?"

"రోడ్డు వత్తంది. సూసొత్తాను."

చీకటి పడే వేళకి తిరిగొచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. గెడ్డ మీద వంతెనకి గుంతలు తవ్వేశారనీ, అవతలి ఒడ్డున పచ్చ మిషను ఒకటి బండరాళ్లని కోడిగుడ్లలా పగలగొడుతోందనీ, ఎండలు ముదిరేలోగా ఊళ్లోకి వచ్చేస్తుందనీ వరుసపెట్టి చెప్పాడు. రత్నాలు వింటూ అతని కంచంలో అన్నం పెట్టింది. చెప్పడం అయిపోయేసరికి అన్నం చల్లారిపోయింది.

ఆ రోజు నుంచి గాసికి కాలు నిలవలేదు. తింటూ తింటూ రెండో ముద్దకే లేచి వాకిట్లోకి వచ్చి చెవి ఒగ్గేవాడు. చప్పుడు వినిపిస్తే ఎంత దగ్గరికొచ్చిందో చూడ్డానికి, వినిపించకపోతే ఎందుకు ఆగిపోయిందో చూడ్డానికి, ఏదో ఒక వంకతో కొండ దిగేవాడు. మిషను డ్రైవరుకి జీలుగు కల్లు పట్టుకెళ్లేవాడు. "ఈసారి ఆగదు కదా బాబూ?" అని అడిగిందే అడిగేవాడు.

"తవ్వమన్నంత వరకు తవ్వుతాను. ఆపమంటే ఆపుతాను. నాదేముంది?" అనేవాడు డ్రైవరు.

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చిన గాసి, అరుగు మీద కూర్చోలేక, పడుకోలేక, పెరట్లో అటూ ఇటూ తిరిగేవాడు.

ఒక ఉదయం రత్నాలు తోటకి బయల్దేరుతుంటే అతను పెరట్లోని రేకుల పాక ఖాళీ చేస్తున్నాడు. చిరిగిన తడకలు, ఎండిన ఆనపకాయ బుర్రలు, ఎరువుల సంచులు, కాలు విరిగిన మంచం, కోళ్లు గుడ్లు పెట్టే గంప, ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అన్నిటికీ అడుగున బండి ఉంది.

రాజ్‌దూత్ మోటార్ సైకిలు. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు దానికి ఒక రంగంటూ లేదు. టైర్లు నేలకి అతుక్కుపోయి నెర్రెలిచ్చాయి. సీటు నిండా ఎలుకలు గూడు కట్టుకున్నాయి. హెడ్‌లైటు గుంతలో కందిరీగలు మట్టి మెత్తి ఇల్లు కట్టాయి. గాసి కిక్ రాడ్ మీద కాలు వేసి బరువంతా మోపాడు. అది కదల్లేదు. రాతి మీద తొక్కినట్టే ఉంది.

రత్నాలు కాసేపు చూసింది. బుట్ట చంకన పెట్టుకుని ఏమీ అనకుండా తోటకి వెళ్లిపోయింది.

ఆమె ఏదైనా తిట్టి ఉంటే గాసికి తేలిగ్గా ఉండేది. ఆ బండి గురించి ఆమె ఒక్క మాటా మాట్లాడక పాతికేళ్లు దాటింది.

వాళ్ల పెళ్లయిన కొత్తలో అధికారులు వచ్చి కొండ పొడవునా కొలిచారు. తెల్లసున్నం వేసిన రాళ్లు పాతారు. వచ్చే ఏడాదికి తేనెగరువుకి రోడ్డు అన్నారు. ఊరంతా సంతోషపడి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. గాసి మాత్రం మిరియాల పంట అమ్మిన చేత్తో నర్సీపట్నం దిగి, ఎవరో వాడిన రాజ్‌దూత్ కొనుక్కొచ్చాడు. సంత జరిగే కొత్తవీధి దాటాక దారి లేదు. రెండు వెదుళ్లకి బండిని తాళ్లతో కట్టి, ఊళ్లో మగాళ్లంతా వంతులేసుకుని, గెడ్డ దాటించి, కొండెక్కించారు. ముందు భుజం అతని నేస్తం సోములుది.

"రోడ్డొచ్చాక కొనుక్కోవచ్చు కదరా" అన్నాడు సోములు, దారిలో దించి ఊపిరి తీసుకుంటూ.

"అప్పుడైతే అందరూ కొంటారు. నాదేటుంది అందులో?" అన్నాడు గాసి.

రోడ్డు గెడ్డ దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. గాసి సీసాల్లో పెట్రోలు మోసుకొచ్చి, బడి ముందున్న చదును నేల మీద సాయంత్రాలు బండి తిప్పేవాడు. గుండ్రంగా, అదే చుట్టు, దుమ్ము లేచేదాకా. చుట్టుపక్కల గూడేల నుంచి జనం చూడ్డానికొచ్చేవారు. తర్వాత రావడం మానేశారు. సంతకి అతను కావిడి భుజాన వేసుకుని చెమటలు కక్కుకుంటూ దిగితే, కొట్లవాళ్లు "ఏం గాసీ, బండి ఎక్కడ పెట్టావు?" అని నవ్వేవారు. "బండి గాసి" అన్న పేరు అలా అతుక్కుంది. అతనూ నవ్వేసేవాడు.

తర్వాతి వానాకాలంలో రత్నాలుకి తొలి కాన్పు. నొప్పులు మొదలై ఎంతకీ తేలలేదు. బిడ్డ అడ్డం తిరిగింది, ఇక నా చేతిలో లేదు, కిందికి దించెయ్యండి అంది మంత్రసాని. దుప్పటిని వెదురుకి కట్టి డోలీ చేశారు. బండిని మోసుకొచ్చిన మగాళ్లే మళ్లీ భుజం పెట్టారు. డోలీ వాకిలి దాటుతున్నప్పుడు బండి చూరు కింద ఉంది. వానచుక్క పడకుండా గాసి గోనెపట్టా కప్పి ఉంచాడు. దుప్పట్లో పడుకున్న రత్నాలు తల తిప్పి దానివైపు చూసింది. ఆ చూపు గాసి కంటపడింది.

గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున ఆగాల్సి వచ్చింది. రత్నాలు బతికింది. పుట్టిన ఆడపిల్ల కళ్లు తెరవలేదు.

తిరిగి ఇంటికొచ్చిన రోజే గాసి బండిని పాకలోకి నెట్టి, పైన చేతికందినదల్లా వేసేశాడు. అలా చెయ్యమని ఎవరూ అనలేదు. మళ్లీ దాని ఊసు ఆ ఇంట్లో రాలేదు. తర్వాత మాధవి పుట్టింది. ఆ పిల్ల హాస్టల్లో చదువుకుని, నర్సయి, ఇప్పుడు చింతపల్లి ఆసుపత్రిలో పని చేస్తోంది.

రోడ్డు మళ్లీ వస్తుంటే, పాకలో ఉన్నది గాసిని కూర్చోనివ్వలేదు.

కొత్తవీధిలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న లక్ష్మీప్రసాద్‌ని బతిమాలి కొండెక్కించాడు. ఆయనది నర్సీపట్నం. కుర్రతనంలో రాజ్‌దూత్‌ల మీదే పని నేర్చుకున్నవాడు. గాసి వాకిట్లోకి చేరేసరికి ఆయన ఒగరుస్తూ చేటంత చెయ్యి గుండె మీద పెట్టుకుని ఉన్నాడు. చెంబెడు నీళ్లు తాగి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గాసీ, మనసు కష్టపెట్టుకోకు. ఇది ఇనప సామాను వాడికి వేసెయ్యాల్సిన సరుకు."

"ఇంజను బాగుంటాది బాబూ. బురదలో తోలలేదు, కొండెక్కించలేదు. బడి కాడ తిప్పిందే."

"తోలకపోతేనే పాడవుతుందయ్యా. తోలితే ఇంత అయ్యేది కాదు."

ఆ మాటకి గాసి తలొంచుకున్నాడు. అయినా మేస్త్రిని వదల్లేదు. లక్ష్మీప్రసాద్ నిట్టూర్చి ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోశాడు. లోపల పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయిందనీ, అది నానాలనీ, తొందరపడి తొక్కితే విరుగుతుందనీ చెప్పాడు. "రోజూ కాస్త పోస్తూ ఉండు. దానంతట అది వదలాలి. ఓపిక పట్టు."

గాసి దగ్గర లేనిది ఓపికే. గంటకోసారి వెళ్లి కిక్ రాడ్‌ని చేత్తో ఊపి చూసేవాడు. ఆ పక్కనే కూర్చుని చైను ఊడదీసి డీజిల్లో వేశాడు. ట్యాంకులో గెడ్డ నుంచి తెచ్చిన సన్న గులకరాళ్లు పోసి, కిరసనాయిలు పోసి, ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లని ఊపినట్టు ఊపాడు. కుంకుడు రసంలాంటి తుప్పునీళ్లు వచ్చాయి. మళ్లీ ఊపాడు. సైలెన్సరుని కట్టెల మంటలో వేసి కాల్చి, పేరుకున్న మసి రాలగొట్టాడు. చేతిలో ఒక పని ఉండగానే ఇంకో పని మొదలుపెట్టేవాడు. మధ్యలో కొండ అవతల పేలుడు వినపడితే అన్నీ వదిలేసి పరిగెత్తేవాడు. టైర్ల కోసం, కేబుళ్ల కోసం, బ్రేకు షూల కోసం ఎన్నిసార్లు కొత్తవీధి దిగాడో. మోకాలు వాచింది. ఆకు నూరి కట్టుకుని మళ్లీ దిగాడు.

తోటలో పళ్లు ముదిరిపోతున్నాయి. రత్నాలు ఒక్కతే కోస్తోంది, ఒక్కతే మోస్తోంది. ఎర్రపళ్లు నల్లబడి రాలడం మొదలైంది.

మిషను ఊరికి దిగువ మలుపు దాకా వచ్చిన వారంలో పిస్టన్ వదిలింది. గాసి కేక విని సోములు పరిగెత్తుకొచ్చాడు. లక్ష్మీప్రసాద్ మళ్లీ కొండెక్కి ఇంజను బిగించాడు. ప్లగ్గు కొత్తది. కార్బొరేటర్ కడిగాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోశాడు. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లని అగ్గిపెట్టె గరుకు వైపుతో రుద్దాడు. కిక్ కొడితే బండి ఒక్కసారి తుమ్మి ఆగిపోయింది. మరోసారి కొడితే కిక్ రాడ్ ఎదురు తిరిగి ఆయన పిక్క మీదే కొట్టింది. పాయింట్లు తనే తప్పు పెట్టానని ఆయనకి తెలిసింది కానీ, సరిగ్గా ఎక్కడ పెట్టాలో ఎంతసేపటికీ గుర్తురాలేదు. పొద్దు వాలుతోందని, నర్సీపట్నంలో పాత దోస్తుని అడిగి వస్తానని కుంటుతూ దిగిపోయాడు.

ఆ సాయంత్రమే కాలం కాని వాన పడింది. తడిసిన బుట్టతో రత్నాలు ఇంటికొచ్చేసరికి గాసి చూరు కింద బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నల్ల ఆయిల్.

"పళ్లన్నీ రాలిపోతన్నాయి" అంది రత్నాలు. "రేపైనా వత్తావా?"

"రేపు మేస్త్రి వత్తాడు."

"మేస్త్రి, మేస్త్రి. తిండి లేదు, నిద్ర లేదు. ఏటి సేత్తన్నావో నీకైనా తెలుస్తందా?"

గాసి చేతిలో పానా కింద పెట్టాడు. ఇన్నాళ్లూ దాచుకున్నది బయటికొచ్చేసింది. "ఇది బాగవడం నీకు ఇష్టం లేదు. నాకు తెలుసు. డోలీలోంచి నువ్వు దీన్ని ఎలా సూసావో నేను సూసాను. ఆ సూపు నేను మర్సిపోలేదు."

రత్నాలు బుట్ట దించింది. తడి చీర కొంగు పిండుకుంది.

"నీకేటి తెలుసు" అంది. "నేను పోతాననుకున్నాను ఆయేల. మళ్లీ ఈ గడపలోకి రానేమో అని ఒక్కొక్కటీ సూసుకున్నాను. పొయ్యి సూసాను. కోళ్లని సూసాను. బండిని సూసాను. సాయంత్రం పూట బడి కాడ నన్ను ఎనక కూకోబెట్టుకుని తిప్పేవోడివి కదా. ఇంక అది ఉండదనుకున్నాను."

గాసి ఆమె మొహంలోకి చూశాడు.

"బతికొచ్చాను. కన్న గుంట లేదు. ఇంట్లో ఏడుపే. నువ్వు దాన్ని కూడా తీసుకెళ్లి పాకలో పడేసావు. నన్ను అడిగావేటి? దుక్కం నీదొక్కడిదే అన్నట్టు మూసేసావు. కోపం బండి మీద కాదు, నీ మీద."

"సెప్పలేదేం మరి?"

"నువ్వు అడిగితే కదా."

వాన వెలిసింది. రత్నాలు లోపలికి వెళ్లి పొడి చీర కట్టుకుని, రాలి తడిసిన పళ్లని విడిగా తడక మీద పరిచింది. గాసి లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుని మంచివీ చెడ్డవీ ఏరాడు. అతని చేతులకున్న ఆయిల్ పళ్లకి అంటుకుంటుంటే ఆమె చేత్తో తోసేసింది. "సెయ్యి కడుక్కునిరా ముందు" అంది.

మర్నాటి నుంచి పొద్దున్న తోట, పొద్దు తిరిగాక బండి. గాసి తోటలోనూ నెమ్మదిగా ఉండలేదు. రెండు చేతులతో దూసి పడేస్తుంటే పచ్చికాయలు కూడా బుట్టలో పడేవి, రత్నాలు కసిరేది. కానీ మధ్యలో వదిలేసి పోలేదు. మధ్యాహ్నాలు ఆమె కూడా చింతపండు పులుసుతో చక్రాల అంచులు తోమింది. ఏళ్ల తుప్పు కింద నుంచి వెండిరంగు గీతలు గీతలుగా తేలింది.

లక్ష్మీప్రసాద్ దోస్తుని కనుక్కుని వచ్చి పాయింట్లు సరిచేశాడు. ఈసారి కిక్ కొట్టే పని గాసికే వదిలేసి దూరంగా నిలబడ్డాడు. బండి దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. పెరడంతా తెల్లపొగ కమ్మేసింది. కోళ్లు చెట్లెక్కాయి. సోములు మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వుతూ దగ్గుతూ నిలబడ్డాడు. గాసి యాక్సిలరేటర్ వదలకుండా అలాగే పట్టుకున్నాడు, వదిలితే మళ్లీ ఏళ్లు పడుతుందేమో అన్నట్టు.

మరికొద్ది రోజులకే రోడ్డు ఊళ్లోకి వచ్చింది. తారు ఇంకా పడలేదు, కంకర పరిచి రోలర్ తొక్కారు. ఎవరెవరి బళ్లో వచ్చాయి, వెళ్లాయి. కంట్రాక్టరు జీపు వచ్చింది. కూరగాయల ఆటో ఒకటి వచ్చింది. గాసి బండి మాత్రం వాకిలి దాటలేదు.

మొదట బ్రేకు సరిగా పట్టడం లేదన్నాడు. తర్వాత తారు పడనీ అన్నాడు. రోజూ బండి స్టార్ట్ చేసేవాడు, రోడ్డు మొదలు దాకా నెట్టుకెళ్లేవాడు, వాలు వంక చూసేవాడు, వెనక్కి నెట్టుకొచ్చేవాడు. ఇంట్లోకొచ్చి కూర్చోలేక మళ్లీ వెళ్లేవాడు. సెలవు మీద వచ్చిన మాధవి రెండు పూటలు ఈ తతంగం చూసింది. ఆమె చింతపల్లి నుంచి తన స్కూటీ మీద నేరుగా ఇంటి ముందుకే వచ్చి దిగింది. ఆ ఇంటికి రోడ్డు మీద వచ్చిన మొదటి మనిషి ఆమే.

"అయ్యా, బ్రేకు బాగానే ఉంది. నేను నొక్కి సూసాను" అంది.

గాసి గుడ్డతో ట్యాంకు తుడుస్తున్నాడు.

"నీకు బయంగా ఉంది కదా?"

గాసి గుడ్డ మడిచాడు. విప్పాడు. "నేను ఎప్పుడూ కొండ దిగలేదమ్మా దీంతోటి" అన్నాడు మెల్లగా. "బడి కాడ గుండ్రంగా తిప్పడమే తెలుసు. రెండో గేరు దాటలేదు. బండి గాసి అంటారు గానీ, నాకు బండి రాదు."

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో మాధవికి తెలిసింది. ఆమె నవ్వలేదు.

"రెండో గేరే సాలు దిగడానికి" అంది. "క్లచ్ మాత్రం పట్టకు. బండి జోరుని ఇంజనే ఆపుతాది. పద, నేను ఎనక కూకుంటాను."

మొదటి రోజు దిగువ మలుపు దాకా వెళ్లారు. గాసి అక్కడిదాకా బాగానే దించాడు. మలుపులో భయపడి క్లచ్ పట్టేశాడు. బండి ఒక్కసారి పట్టు తప్పి పరిగెత్తి కంకరలో జారి పక్కకి పడింది. ఇద్దరికీ దెబ్బలు పెద్దగా తగల్లేదు, గాసి మోచెయ్యి గీసుకుపోయింది. మాధవి లేచి దుమ్ము దులుపుకుని, "క్లచ్ పట్టకని సెప్పానా" అంది. గాసి మట్టిలో అలాగే కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఇన్నేళ్లు ఏదో జరుగుతుందని భయపడ్డవాడికి జరిగింది ఇంతేనా అనిపించినట్టుంది.

ఆ సెలవుల్లో రోజూ దిగారు, ఎక్కారు. మాధవి వెళ్లిపోయే నాటికి గాసి ఒక్కడే గెడ్డ వంతెన దాకా వెళ్లి తిరిగి రావడం నేర్చుకున్నాడు.

సంత రోజు పొద్దున్నే రత్నాలు మంచి చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడింది. ఎప్పుడు బయల్దేరదామని అడగలేదు. గాసి బండి తీశాడు. ఆమె వెనక కూర్చుని అతని భుజం పట్టుకుంది. వంతెన మీద గాసి బండి ఆపలేదు. కింద నీళ్లు తక్కువగా పారుతున్నాయి. ఆమె పట్టు ఒక్క క్షణం బిగిసింది, తర్వాత వదులైంది.

కొత్తవీధి దగ్గరపడేకొద్దీ గాసి వేగం తగ్గించాడు. సంత మొదట్లో ఆగి, చొక్కా సర్దుకుని, మళ్లీ పోనిచ్చాడు. కిరాణా కొట్ల ముందు నుంచి, ఎండుచేపల వరుస ముందు నుంచి, ఒకప్పుడు నవ్విన అరుగుల ముందు నుంచి నెమ్మదిగా తోలాడు. ఒక్కరూ తలెత్తలేదు. సంతంతా బళ్లే. ఎర్రవీ నీలివీ, చెట్ల కింద వరసగా, ఒకదాని మీద ఒకటి వాలిపోయి. హారన్ కొడితే ఒక ముసలామె తిట్టుకుంటూ పక్కకి జరిగింది. అతను వస్తే నవ్విన కొట్లవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్క లక్ష్మీప్రసాద్ మాత్రం షెడ్డులోంచి స్పానర్ ఎత్తి ఊపి, మళ్లీ పనిలో పడిపోయాడు.

గాసి చింతచెట్టు కింద బండి ఆపాడు. లోపల ఏదో ఖాళీ అయినట్టూ, దాంతోపాటే ఏదో బరువు దిగినట్టూ ఉంది. ఇంత కాలం ఎవరికి చూపించాలని ఆరాటపడ్డాడో అతనికే తోచలేదు.

"దిగు. ఏటి కొనాలో కొనుక్కుందాం" అన్నాడు.

రత్నాలు దిగలేదు. సంత వంక చూసింది, అవతలికి పోయే తారు రోడ్డు వంక చూసింది.

"ఈ సంతకి ఇన్నేళ్లూ నడిసే వచ్చాను" అంది. "సింతపల్లి ఎంత దూరం?"

"దూరమే. మలుపులు ఎక్కువ."

"మాధవి పనిసేసే ఆసుపత్రి నేను ఎప్పుడూ సూళ్లేదు. బేగి ఎల్తే మధ్యానానికి అందుకోమా?"

గాసి వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. ట్యాంకు మూత తీసి ఊపి, పెట్రోలు చప్పుడు విన్నాడు. దారి మధ్యలో ఆగిపోతేనో అన్నాడు. ఆగితే అక్కడే కూకుందాం, ఎవడో ఒకడు వత్తాడు అంది రత్నాలు. అతను మూత బిగించి, కిక్ కొట్టాడు. అందుకోలేదు. మళ్లీ కొట్టాడు.

సంత దాటేదాకా, గొర్రెలూ ఆటోలూ సర్దుకుని దారి ఇచ్చేదాకా, రత్నాలు అతని భుజాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది. చింతపల్లి రోడ్డు ఖాళీ అయ్యాక చేతులు తీసేసి, గాలికి ఊడిపోతున్న కొప్పు విప్పి మళ్లీ ముడివేసుకుంది.